ఫొటో తీసి పంపిన నోట్సు ఎంతమందికి అందుతోంది?

మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే ఓ చిన్న ప్రయోగం చేద్దాం. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'యాక్సెసిబిలిటీ' తెరిచి, 'టాక్‌బ్యాక్' ఆన్ చేయండి. ఆన్ చేసేముందే దాని షార్ట్‌కట్ కూడా పెట్టుకోండి. అప్పుడు రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. లేదంటే ఫోన్ పాడైపోయిందని కంగారు పడతారు! ఐఫోన్ వాళ్లకు ఇదే 'వాయిస్‌ఓవర్'.

ఇక కళ్లు మూసుకుని మీ క్లాసు వాట్సాప్ గ్రూపు తెరవండి. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది ఫోన్ చదివి వినిపిస్తుంది. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, టకటకా రెండుసార్లు తాకితే తెరుస్తుంది. టైప్ చేసిన మెసేజ్‌లన్నీ చక్కగా చదువుతుంది. సార్ పంపిన నోట్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఫొటో' అని ఊరుకుంటుంది. దాని కిందది? అదీ 'ఫొటో'నే. ఆ కింద ఇంకో పది కూడా అంతే. యూనిట్ మొత్తం గ్రూపులోకి వచ్చేసింది. మీకు మాత్రం ఒక్క ముక్క కూడా అందలేదు.

మీరు టాక్‌బ్యాక్ ఆపేసి మామూలుగా చదువుకుంటారు. చూపు లేని విద్యార్థికి అలా ఆపేసే వీలు లేదు. పరీక్ష మాత్రం మీ ఇద్దరికీ ఒకే రోజు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు. వాళ్లలో బడికి వెళ్లే వయసు పిల్లలూ ఉన్నారు, గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ ప్రిపేరయ్యే మన ఈడు వాళ్లూ ఉన్నారు. వాళ్లకు చదువు చెప్పాలంటే ప్రత్యేకంగా పెద్ద బిల్డింగ్, ఖరీదైన మెషీన్లు కావాలని చాలామంది అనుకుంటారు. కొన్నింటికి కావాలి, కాదనను. కానీ రోజువారీ ఇబ్బందుల్లో చాలావాటికి మందు మన అలవాట్లలోనే ఉంది. దాన్ని ఒక ఊరుగా, ఒక కాలనీగా కలిసి నేర్చుకోవచ్చు.

అక్షరమా? అక్షరం బొమ్మా?

ముందుగా అసలు సమస్య ఎక్కడుందో చూద్దాం. కంప్యూటర్‌కు అక్షరం అంటే ఒక నంబరు. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి ఉన్న యూనికోడ్ పట్టికలో మన 'అ' నంబరు 3077, 'క' నంబరు 3093. తెలుగుకు ఈ పట్టికలో 1991 నుంచే చోటుంది. మీరు ఫోన్‌లో 'కథ' అని టైప్ చేస్తే ఈ నంబర్లే వెళ్తాయి. అందుకే స్క్రీన్ రీడర్ దాన్ని గొంతుగా మార్చగలదు, గూగుల్ వెతకగలదు, బ్రెయిలీ మెషీన్ చుక్కలుగా గుద్దగలదు.

ఫొటోలో ఈ నంబర్లేవీ ఉండవు. రంగు చుక్కలే ఉంటాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా అంతే. పేరుకు డాక్యుమెంట్, లోపలంతా ఫొటోలే.

తెలుగుకు ఇంకో చిక్కు కూడా ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల మీదే తెలుగు గుడులు, కొమ్ములు, వొత్తుల బొమ్మలు పేర్చి పెట్టారు. కంటికి అచ్చ తెలుగే కనిపిస్తుంది. కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. స్క్రీన్ రీడర్‌కు వినిపించేది కూడా ఆ గందరగోళమే. అప్పట్లో తెలుగు ప్రింటు రావడానికి ఆ ఫాంట్లే దిక్కు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఆ ఫైళ్లనే ఇవాళ స్టడీ మెటీరియల్ అని టెలిగ్రామ్‌లో పెడితే, చెవితో చదువుకునేవాడికి అది తాళం వేసిన పెట్టె.

దీన్ని బాగుచేయడం పెద్ద పనేం కాదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫొటో అయితే గూగుల్ డ్రైవ్‌లో అప్‌లోడ్ చేసి, కంప్యూటర్‌లో దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగును అక్షరాలుగా తీసి ఇస్తుంది. చేతిరాత అయితే తడబడుతుంది. అచ్చు అయినా వొత్తుల దగ్గర తప్పులు చేస్తుంది. కాబట్టి ఒకరు కూర్చుని సరిచూడాలి. ఐదుగురు ఫ్రెండ్స్ తలా రెండు పేజీలు పంచుకుంటే ఒక పాఠం ఒక సాయంత్రంలో అయిపోతుంది.

'ఇలా చేస్తే కాపీరైట్ గొడవ రాదా?' అని అనుమానం రావచ్చు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ దివ్యాంగుల కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి అనుమతిస్తోంది. లాభాపేక్ష లేకుండా వాళ్ల కోసమే చేయాలి, అందరికీ పంచేయకూడదు. ఇదే విషయంపై వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఇలా మార్చిన పుస్తకాలు ఉంటాయి. చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు సభ్యులుగా చేరొచ్చు.

ర్యాంపు కథ

బస్టాండ్‌లో ర్యాంపు ఎవరి కోసం కట్టారు? వీల్‌చెయిర్ వాళ్ల కోసం. కానీ దానిమీద ఎక్కేది ఎవరు? చక్రాల సూట్‌కేసు లాక్కెళ్లే స్టూడెంట్, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, పార్సిల్ బండి తోసే హమాలీ. ఒకరి కోసం చేసింది పదిమందికి పనికొస్తుంది.

అమెరికాలో రొనాల్డ్ మేస్ అనే ఆర్కిటెక్ట్ దీన్నే 'యూనివర్సల్ డిజైన్' అన్నాడు. ఆయన కూడా వీల్‌చెయిర్ వాడినవాడే. కట్టాక ర్యాంపు అతికించడం కాదు, ప్లాన్ గీసేటప్పుడే అందరినీ లెక్కలోకి తీసుకోమన్నాడు. 1984లో అక్కడే మొదలైన 'కాస్ట్' అనే సంస్థ ఈ ఆలోచనను క్లాస్‌రూములోకి తెచ్చింది. చెప్పింది మూడే ముక్కలు. పాఠం మీద ఆసక్తి పుట్టడానికి ఒకటికి మించి దారులు ఉంచండి. పాఠాన్ని ఒకటికి మించి రూపాల్లో ఇవ్వండి. నేర్చుకున్నది చూపించడానికి కూడా ఒకటికి మించి పద్ధతులు ఇవ్వండి.

కిరణజన్య సంయోగక్రియ పాఠం తీసుకోండి. బోర్డు మీద బొమ్మ గీస్తారు. గీస్తూనే 'ఇది ఆకు, పైనుంచి ఎండ, వేరు నుంచి నీళ్లు, ఆకు రంధ్రాల్లోంచి గాలి' అని నోటితో చెబితే చూపు లేని పిల్లాడికి బొమ్మ అందుతుంది. అదే నాలుగు లైన్లు టైప్ చేసి ఇస్తే వినికిడి లోపం ఉన్న అమ్మాయికి పాఠం అందుతుంది. నిజం ఆకు ఒకటి చేతికిస్తే వెనక బెంచీ వాడు కూడా లేచి కూర్చుంటాడు! రాయడం కష్టమైన పిల్లాడు నోటితో జవాబు చెప్పినా వాడికి పాఠం వచ్చినట్టే కదా.

మీరు ఇప్పటికే వాడుతున్న ఉదాహరణ ఇంకోటి. బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినప్పుడు రీల్స్ ఎలా చూస్తారు? కింద వచ్చే క్యాప్షన్స్ చదువుకుంటూ. అవి వినపడని వాళ్ల కోసం పుట్టినవి. ఐఐఎం అహ్మదాబాద్‌కు చెందిన బ్రిజ్ కొఠారి 1996లో ఇంకో అడుగు ముందుకేశారు. టీవీలో సినిమా పాట వస్తుంటే అదే భాషలో పాట అక్షరాలు కింద వేస్తే, అరకొరగా చదవడం వచ్చినవాళ్లకు రోజూ ఫ్రీగా ప్రాక్టీస్ దొరుకుతుందన్నది ఆయన ఆలోచన. పాట ఎలాగూ నోటికి వచ్చు, కళ్లు అక్షరాల వెంట పరిగెడతాయి. చదువు మానేసిన అమ్మానాన్నలకు కూడా పనికొచ్చే ఉపాయం ఇది.

'నీకు సైన్స్ ఎందుకు?' అన్నారు

మచిలీపట్నం దగ్గరి సీతారామపురం కుర్రాడు శ్రీకాంత్ బొల్లా పుట్టుకతోనే చూపు లేనివాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటానంటే రూల్సు ఒప్పుకోవన్నారు. కోర్టుకు వెళ్లి గెలిచి, సైన్స్‌లో చేరాడు. ఆడియోగా మార్చిన పాఠాలు విని చదివాడు. ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీలో చేరిన తొలి అంతర్జాతీయ అంధ విద్యార్థి అతనే. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చాడు. 2024లో రాజ్‌కుమార్ రావు హీరోగా వచ్చిన 'శ్రీకాంత్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు.

ఈ కథను 'పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే' అని స్టేటస్ పెట్టి వదిలేస్తాం. కాస్త ఆగి చూడండి. అతనికి తెలివి మొదటి నుంచీ ఉంది. అడ్డం పడ్డది రూలు. దారి తెరిచింది కోర్టు తీర్పు, చెవికి అందిన పాఠాలు. ఆ రెండూ దొరకని తెలివైన పిల్లలు ఎంతమంది 'లెక్కలు వద్దులే, ఆర్ట్స్ తీసుకో' అన్న ఒక్క మాటతో పక్కకు వెళ్లిపోయారో ఆలోచించండి.

మా సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో ఇంకో ఉదాహరణ ఉంది. ఒకప్పుడు విండోస్‌కు మంచి స్క్రీన్ రీడర్ కొనాలంటే దాని ధర కంప్యూటర్ ధరతో పోటీ పడేది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే కుర్రాడు 'ఎన్‌వీడీఏ' రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ తే అతనికి తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఇవాళ్టికీ పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. అంటే చూపు లేకుండా కోడింగ్ కుదరదు అనేవాళ్లకు జవాబు ఆ సాఫ్ట్‌వేరే!

చట్టం ఏమంటోంది?

గబగబా నాలుగు విషయాలు. స్క్రీన్‌షాట్ కాకుండా కాపీ చేసి పెట్టుకోండి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. డిస్లెక్సియా, ఆటిజం కూడా ఇందులో ఉన్నాయి.

ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థ దివ్యాంగులైన పిల్లలను మిగతావాళ్లతో కలిపి చదివించాలి. దీన్నే మన దగ్గర 'సహిత విద్య' అంటున్నారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది.

రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు పరీక్షకు స్క్రైబ్‌ను అడగొచ్చు. 2018లో వచ్చిన మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలన్నాయి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో మంచి తీర్పు ఇచ్చింది. కళ్లు ఆర్పి చూపించమనే కేవైసీ వల్ల ఇబ్బంది పడిన యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ల తరఫున వచ్చిన పిటిషన్ల మీద ఇచ్చిన తీర్పు అది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

ఊళ్లో ఐదు శనివారాలు

చట్టం చెప్పింది సరే, మనమేం చేయాలి? నేను వీకెండ్స్‌లో కంప్యూటర్ క్లాసులు చెబుతుంటాను. అక్కడ పనిచేసిన ప్లాన్ ఇది. గ్రంథాలయమైనా, బడి అయినా, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలైనా సరే. నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాప్ చాలు. ముందు పిలవాల్సింది అంగన్‌వాడీ టీచర్‌ను, ఆశా కార్యకర్తను. ఏ ఇంట్లో పిల్లాడు బడి మానేసి కూర్చున్నాడో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడి రిసోర్స్ పర్సన్‌ను కూడా అడగండి.

మొదటి శనివారం: అందరూ టాక్‌బ్యాక్‌తో ఒక మెసేజ్ పంపాలి. టీచర్లు, తల్లిదండ్రులు కూడా. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. 'అయ్యో, ఎంత కష్టమో' అని జాలిపడి లేచిపోతే క్లాసు వృథా. అలవాటైనవాళ్లు ఎంత స్పీడుగా వాడతారో చూపు లేని వ్యక్తి చేతే చూపించండి. మా క్లాసులో చూపు బాగా తక్కువ ఉన్న ఒక ఇంటర్ అమ్మాయి మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు షార్ట్‌కట్లతోనే ఫైళ్లన్నీ సర్దేసేది. రెండు వారాల్లో మిగతావాళ్లు షార్ట్‌కట్ల కోసం ఆమె పక్క కుర్చీకి పోటీపడ్డారు.

రెండో శనివారం: అందరికీ అందేలా రాయడం. వర్డ్‌లో హెడ్డింగ్‌ను ఊరికే బోల్డ్ చేయకుండా 'హెడ్డింగ్ 1' స్టైల్ పెట్టడం నేర్పండి. అలా పెడితే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఒక్క మీటతో హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కు దూకగలరు. ఫొటో పెడితే అందులో ఏముందో రెండు లైన్లు రాయాలి. 'ఇక్కడ క్లిక్ చేయండి' బదులు 'హాల్ టికెట్ లింకు' అని రాయాలి. 'ఎర్ర రంగులో ఉన్నవి ముఖ్యం' అంటే రంగులు సరిగా తెలియని వాళ్లకు అర్థం కాదు, పక్కన చుక్క గుర్తు కూడా పెట్టండి. బూడిద రంగు మీద లేత పసుపు అక్షరాలు వద్దు. వెబ్‌సైట్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. దాన్ని కొలిచే ఉచిత టూల్స్ ఉన్నాయి.

మూడో శనివారం: వినపడని వాళ్లతో మాట. గూగుల్ 2019లో తెచ్చిన 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' యాప్ ఎదుటివాళ్ల మాటను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపిస్తుంది, తెలుగులో కూడా. చప్పుడు ఎక్కువైనా, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా తప్పులు వస్తాయి. కాబట్టి ఒక్కొక్కరే మాట్లాడటం అనే మంచి అలవాటు ఫ్రీగా వస్తుంది! బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, పెదాల కదలికే కొందరికి ఆధారం. సైన్ లాంగ్వేజ్ అనేది సొంత వ్యాకరణం ఉన్న భాష. మనం చేతులు ఊపితే వచ్చేయదు. పలకరింపు, పేరు, 'అర్థమైందా?' లాంటి నాలుగైనా తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి.

నాలుగో శనివారం: చదవడం తడబడే పిల్లలు. బద్ధకం అని ముద్ర పడేది వీళ్లకే. లైన్ల మధ్య ఖాళీ పెంచండి, వాక్యాలు చిన్నవి చేయండి. ఆండ్రాయిడ్‌లో 'సెలెక్ట్ టు స్పీక్' పెట్టి, వింటూ అదే లైన్ కంటితో చదవమనండి. రాయడం కష్టమైతే కీబోర్డులోని మైకు నొక్కి తెలుగులో చెప్పమనండి. మాట అక్షరమవుతుంది. ఊళ్లో చదువు రాని పెద్దవాళ్లకు ఇదే క్లాసు పెట్టండి, మైకు బటన్ వాళ్లకు ఎంతో నచ్చుతుంది.

ఐదో శనివారం: పరీక్ష, మనకు! ఈ నెలలో తయారుచేసిన నోట్సు, పోస్టర్, వీడియో అన్నీ దివ్యాంగులైన మన విద్యార్థుల చేతిలో పెట్టి 'ఎక్కడ ఆగిపోయారు?' అని అడగాలి. 'మా గురించి ఏదైనా మేం లేకుండా వద్దు' అన్నది ప్రపంచమంతా దివ్యాంగుల ఉద్యమం చెప్పే మాట. వాళ్లు ఓకే అంటేనే పాస్.

యాప్ చేయలేనివి

టెక్నాలజీ గురించి ఇంత చెప్పాక దాని హద్దులు కూడా చెప్పాలి. తెలుగు మధ్యలో ఇంగ్లిష్ పదాలు వస్తే ఫోన్ గొంతు కొన్నిసార్లు వింతగా పలుకుతుంది. గ్రాఫులు, రసాయన సమీకరణాలు ఇంకా కష్టమే. వాటికి చేత్తో తడిమే బొమ్మలు కావాలి. కార్డుబోర్డు మీద జిగురుతో దారం అతికించి గ్రాఫ్ చేస్తే సరిపోతుంది. బ్రెయిలీని కూడా పక్కన పెట్టేయొద్దు. వినడం వేరు, స్పెల్లింగ్ తెలియడం వేరు. భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కీ హిందీ 'క'కీ ఒకే చుక్కలు. ఒక భాషలో చుక్కలు నేర్చుకుంటే ఇంకో భాష సగం వచ్చినట్టే.

ఇక అసలు అడ్డంకి చాలా ఇళ్లలో ఫోన్ నాన్న జేబులోనో అన్నయ్య చేతిలోనో ఉండటం. చూపు లేని అమ్మాయికి ఫోన్ 'ఎందుకులే' అనేస్తారు. ఆమెకు అది పుస్తకం, పెన్ను, బస్సు బోర్డు అన్నీ. కొన్ని ఇళ్లలో నలుగురికీ తెలుస్తుందని సదరం సర్టిఫికెట్‌కు కూడా వెళ్లరు. అది లేకపోతే స్కాలర్‌షిప్, పరీక్షలో అదనపు సమయం, రిజర్వేషన్ ఏదీ అడగలేరు. ఆ తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడటానికి ఏ యాప్ పనికిరాదు. వాళ్లకు తెలిసిన మనిషి వెళ్లాలి. ఆ మనిషి మీరే కావచ్చు.

సాఫ్ట్‌వేర్ జాబ్ ఉంటేనే ఇవన్నీ చేయాలని లేదు. మీరు క్లాస్ సీఆర్ అయినా, ఊరి యూత్ గ్రూపు అడ్మిన్ అయినా, ట్యూషన్ చెప్పే అక్క అయినా ఇవాళే మొదలుపెట్టొచ్చు. మీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: 'మనం పంపే నోట్సు చదవడానికి ఎవరికైనా ఇబ్బందిగా ఉందా? ఉంటే నాకు విడిగా మెసేజ్ చేయండి.' ఫొటో వద్దు, టైప్ చేసి పెట్టండి. ఒక్క జవాబు వచ్చినా, మీ మొదటి శనివారానికి విద్యార్థి దొరికినట్టే.